ఏ ప్లమ్ నాటాలి? ఇంగ్లండ్‌లో పెంచి అమ్మాలనుకునేవాళ్ళకి రకాల పోలిక

అక్టోబరు వచ్చిందంటే నాకు ఒకే ప్రశ్నతో ఫోన్లు వస్తాయి. "అన్నా, పెరట్లో కాస్త చోటుంది, ప్లమ్ వేద్దామనుకుంటున్నాం. ఏ రకం వెయ్యమంటావు?" అడిగేవాళ్ళలో బర్మింగ్‌హామ్‌లో కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళున్నారు. ఊరిబయట అరెకరం తీసుకుని నాలుగు పండ్లు పండించి అమ్ముకుందామనుకునేవాళ్ళూ ఉన్నారు. నర్సరీ కేటలాగ్ తెరిస్తే పేజీ నిండా పేర్లు. ప్రతి పేరు పక్కనా తియ్యగా ఉంటుంది, విరగకాస్తుంది అనే రాసి ఉంటుంది. అది చదివి నిర్ణయం తీసుకోవడం కష్టం.

నేనుండేది వూస్టర్‌షైర్‌లో, ఈవ్‌షామ్ పక్కన. ఏవన్ నది పారే ఈ లోయ ప్లమ్‌కి పేరుపడ్డ చోటు. పుట్టింది మాత్రం నూజివీడు దగ్గర, మామిడితోటలో. ఈ ఎంపిక గురించి నాకు అర్థమైందంతా అక్కడి బుద్ధితోనే. మామిడిలో ఏ రకం మంచిదని మనం ఎవర్నీ అడగం. ఊరగాయకా, రసం పిండుకోడానికా, కోసుకు తినడానికా అని అడుగుతాం. ప్లమ్‌కీ అదే ప్రశ్న వెయ్యాలి. అమ్మాలనుకుంటే దానికి ఇంకో ప్రశ్న కలుస్తుంది: కొనేవాడు ఏ వారంలో వస్తాడు?

ఈ రెండో ప్రశ్న వేసుకోకుండా నేను మొదట ఎనిమిది చెట్లు నాటాను, ఎనిమిదీ విక్టోరియా అనే ఒకే రకం. ఐదో ఏడు కాపు బ్రహ్మాండంగా వచ్చింది. ఆగస్టు ఆఖర్లో అన్నీ ఒక్కసారే పండాయి. ఆ రెండు వారాల్లోనే ఊళ్ళో ప్రతి ఇంటి గేటు ముందూ అమ్మకానికి విక్టోరియా బుట్టలు. మూడో వంతు కాయ నేల మీదే కందిరీగల పాలైంది. ఆ ఏడు పడ్డ టెన్షన్ తర్వాతే మిగతా రకాల జోలికి వెళ్ళాను.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, పండే కాలం. ఇంగ్లండ్‌లో ప్లమ్ కాలం జులై చివర మొదలై అక్టోబరు మొదటికల్లా అయిపోతుంది. ప్లమ్ ఆపిల్ లాంటిది కాదు, నిలవ ఉండదు. పండిన కాయ చెట్టు మీద నాలుగు రోజులు, ఇంట్లో ఇంకో నాలుగు రోజులు. కాబట్టి అమ్మేవాడికి తీపి కన్నా తేదీ ముఖ్యం. కోత ఆరు వారాలు సాగితే ఇంట్లో ఇద్దరు చూసుకోగలరు. రెండు వారాల్లో మీద పడితే కూలీలు కావాలి.

రెండోది, కాయ వాడకం. కోసుకు తినేదా, వండేదా, రెంటికీ పనికొచ్చేదా? వంట రకమంటే తక్కువ రకం అనుకోవద్దు. పులుపు, చిక్కదనం ఉన్న కాయకే జామ్ గడ్డకడుతుంది.

మూడోది, ఒంటరిగా కాస్తుందా లేదా. కొన్ని రకాలు తమ పుప్పొడితోనే కాయ కడతాయి. కొన్నిటికి అదే సమయానికి పూసే వేరే రకం దగ్గర్లో ఉండాలి. ఒక్క చెట్టుకే చోటున్నవాళ్ళకి ఇదే అన్నిటికన్నా పెద్ద విషయం.

నాలుగోది, పూతకాలంలో పడే మంచు. ప్లమ్ ఏప్రిల్‌లోనే పూస్తుంది. ఆ నెలలో ఒక్క రాత్రి గట్టిగా గడ్డకడితే ఆ ఏటి పంట అక్కడితో సరి. పల్లపు నేల, లోయ అడుగు ఉన్నవాళ్ళు దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. చల్లటి గాలి నీళ్ళలాగే కిందికి దిగి పల్లంలో నిలుస్తుంది.

రోగాల సంగతి ఒక్కో రకం దగ్గర చెప్తాను. ముందు అన్నీ ఒకచోట చూడండి:

| రకం | పండే కాలం | వాడకం | ఒంటరిగా కాస్తుందా | ఎక్కడ అమ్ముడవుతుంది |
|---|---|---|---|---|
| జార్ | ఆగస్టు మొదటి సగం | ఎక్కువగా వంట | కాస్తుంది | సీజన్ మొదట్లో గేటు దగ్గర |
| పెర్షోర్ ఎల్లో ఎగ్ | ఆగస్టు మధ్య నుంచి చివరకు | వంట, జామ్ | కాస్తుంది | జామ్ సీసాల్లో, పచ్చడికి |
| విక్టోరియా | ఆగస్టు చివర, సెప్టెంబరు మొదలు | రెంటికీ | కాస్తుంది | ఎక్కడైనా, పోటీ మాత్రం ఎక్కువ |
| కేంబ్రిడ్జ్ గేజ్ | ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మధ్యకు | తినడానికి | కొంతవరకే, తోడుంటే మేలు | రైతుబజారులో, మంచి రేటుకు |
| డామ్సన్ (ష్రాప్‌షైర్ ప్రూన్) | సెప్టెంబరు | జామ్, జిన్ (మద్యం) | కాస్తుంది | జామ్ చేసేవాళ్ళకి టోకున |
| మార్జరీస్ సీడ్లింగ్ | సెప్టెంబరు చివర, అక్టోబరు మొదలు | రెంటికీ | కాస్తుంది | మిగతావి అయిపోయాక |

తేదీలు మధ్య ఇంగ్లండ్‌వి. కెంట్ వైపు కాస్త ముందు, ఉత్తరాన కాస్త వెనక అనుకోండి.

విక్టోరియా

ఇది ఇంగ్లండ్ బంగినపల్లి. ప్లమ్ అంటే ఇక్కడివాళ్ళకి ముందు గుర్తొచ్చే పేరు. ససెక్స్‌లోని ఆల్డర్టన్‌లో ఒక తోటలో దొరికిన మొక్కని 1840ల్లో బ్రిక్స్‌టన్ నర్సరీవాళ్ళు రాణి పేరు పెట్టి అమ్మారు. లేత ఎరుపు తొక్క, లోపల పసుపు గుజ్జు. బాగా పండితే తినడానికి, దోరగా ఉన్నప్పుడు వండడానికి. బోర్డు మీద ఆ పేరు ఒక్కటి రాస్తే చాలు, కారు ఆగుతుంది. కొత్తవాడికి ఇది చిన్న లాభం కాదు.

దీని బలమే దీని జబ్బు. కాపు ఎక్కువైతే కొమ్మ విరుగుతుంది. విరిగిన చోటు నుంచి సిల్వర్ లీఫ్ అనే శిలీంధ్రం లోపలికి దిగుతుంది. ఆకులు వెండిపూత పూసినట్టు మెరుస్తాయి, కొమ్మ కోసి చూస్తే లోపల గోధుమరంగు మరక. విక్టోరియాకి ఈ రోగం తొందరగా వస్తుంది. అందుకే జూన్‌లో పిందెలు కొన్ని వాటంతటవే రాలాక, మిగిలినవాటిని కూడా పలచన చెయ్యాలి. కాయకీ కాయకీ మధ్య రెండు మూడు అంగుళాలుండాలి. మన చేత్తో పిందె తుంచాలంటే మనసొప్పదు. నాకూ ఒప్పలేదు, దానికి రెండు పెద్ద కొమ్మలు పోగొట్టుకున్నాను. బరువెక్కిన కొమ్మకి జులైలోనే ఊతకర్ర పెట్టేయండి.

పెరట్లో ఒక్క చెట్టే వేసేవాళ్ళకి నా సలహా నిస్సందేహంగా విక్టోరియానే. అమ్మేవాళ్ళకి మాత్రం మొత్తం చెట్లలో సగానికి మించనివ్వొద్దు.

పెర్షోర్ ఎల్లో ఎగ్

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చెట్టు ఇది. అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను.

పెర్షోర్ మా పక్క ఊరే. ఆ ఊరి దగ్గరున్న టిడ్డెస్లీ అడవిలో 19వ శతాబ్దం తొలి భాగంలో జార్జ్ క్రూక్ అనే ఆయనకి ఈ పసుపు కాయ చెట్టు దొరికింది. అక్కడి నుంచి లోయంతా పాకింది. పాకడానికి కారణం రుచి కాదు. ఇది సొంత వేరు మీదే బతుకుతుంది, మొదలు చుట్టూ పిలకలు వేస్తుంది. పిలక తీసి నాటితే అదే చెట్టు. అంటు కట్టనక్కర్లేదు, నర్సరీకి డబ్బు కట్టనక్కర్లేదు. చిన్న కౌలు రైతుకి ఇంతకన్నా ఏం కావాలి?

కౌలుభూమిలో పండ్లచెట్టు ఎవరు నాటుతారని మీకు అనుమానం రావచ్చు. ఇక్కడ ఈవ్‌షామ్ కస్టమ్ అని ఒక ఆనవాయితీ ఉండేది. కౌలుదారు భూమి వదిలి వెళ్ళేటప్పుడు తర్వాతి కౌలుదారుని తనే వెతికి చూపించేవాడు. తను నాటిన చెట్లకీ, ఆస్పరాగస్ మళ్ళకీ విలువ కట్టి ఆ కొత్తవాడి దగ్గరే డబ్బు తీసుకునేవాడు. చెట్టు మీద పెట్టిన కష్టం ఊరికే పోదన్న ధైర్యం ఉంది కాబట్టే రెండు మూడెకరాల రైతులు కూడా కూరగాయల మధ్య ప్లమ్ వరసలు వేశారు. కౌలు రైతు కష్టం తెలిసిన ఇంట్లో పెరిగినవాణ్ణి కనక, ఈ కథ విన్నప్పటి నుంచి ఆ పాత చెట్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక వ్యాపారం. మన తోతాపురి చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకి ఎలా వెళ్తుందో, ఈ పెర్షోర్ అలా జామ్ ఫ్యాక్టరీలకి, డబ్బాల్లో నింపడానికి వెళ్ళేది. కోసుకు తింటే సాదాగా, కాస్త పిండిపిండిగా ఉంటుంది. కాయగా అమ్మాలంటే ఈ లోయ దాటితే పేరు తెలిసినవాళ్ళు తక్కువ. జామ్ చేస్తే మాత్రం దానంతటదే గడ్డకడుతుంది, గడ్డకట్టించే పెక్టిన్ పొడి బయటి నుంచి కలపనక్కర్లేదు. రోగాలని కూడా విక్టోరియా కన్నా బాగా తట్టుకుంటుంది. ఆగస్టులో పెర్షోర్‌లో ప్లమ్ పండగ జరుగుతుంది, ఆ రోజుల్లో ఈ పేరుతో ఏ సీసా పెట్టినా జనం ఆగి చూస్తారు.

మనవాళ్ళకి ఇంకో ఉపయోగం ఉంది. జులై ఆఖరుకి పచ్చిగా, గట్టిగా ఉన్న పెర్షోర్ కాయ కోసి కందిపప్పులో వెయ్యండి. మామిడికాయ పప్పుకి చాలా దగ్గరగా వస్తుంది. రోట్లో ఎండుమిరపకాయలతో నూరితే పచ్చడి. నా దగ్గర పచ్చికాయ కొనేది దాదాపు అందరూ తెలుగు, తమిళ కుటుంబాలే. వాళ్ళ కోసం కొంత ముందే కోస్తే మిగిలిన కాయ లావెక్కుతుంది, కొమ్మకీ బరువు తగ్గుతుంది. పలచన చేసే పనికి డబ్బు కూడా వచ్చినట్టవుతుంది.

జార్

హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో థామస్ రివర్స్ నర్సరీ పుట్టించిన రకం. 1874లో మొదటిసారి కాసింది. ఆ ఏడు రష్యా చక్రవర్తి ఇంగ్లండ్ వచ్చాడని ఆ పేరు పెట్టారు. నల్లటి ఊదా కాయ. పూత మంచుకి కొంత తట్టుకుంటుంది. బరువైన బంకమట్టిలో, కాస్త నీడలో కూడా కాస్తుంది. ఉత్తరం వైపు గోడ తప్ప చోటు లేనివాళ్ళకి ఇదే. తియ్యటి కాయ ఆశించి వేస్తే నిరాశపడతారు, అయినా అందరికన్నా ముందు గేటు ముందు బుట్ట పెట్టగలిగేది మీరే.

కేంబ్రిడ్జ్ గేజ్

రుచి ఒక్కటే చూస్తే ఈ జాబితాలో దీనికి సాటి లేదు. పచ్చటి కాయ, పండినా పచ్చగానే ఉండి కొంచెం పసుపు తిరుగుతుంది. కొరికితే మన చెరుకురసం మామిడి గుర్తొస్తుంది. ఫ్రాన్స్‌లో రెన్ క్లోడ్ అని పిలిచే ఈ జాతిని 18వ శతాబ్దంలో సఫోక్‌లోని గేజ్ కుటుంబం తెప్పించుకుంది. ఇంగ్లండ్‌లో వాళ్ళ పేరు మీదే అది గ్రీన్‌గేజ్ అయింది. అసలు గ్రీన్‌గేజ్ ఇక్కడి చలికి సరిగ్గా కాయదు. దాని విత్తనం నుంచి వచ్చిన కేంబ్రిడ్జ్ గేజ్ కొంత నయం.

నయమే తప్ప నమ్మకం లేదు. కాపు ఒక ఏడు వస్తే ఒక ఏడు రాదు. దక్షిణం వైపు ఎండ, వెచ్చటి గోడ కావాలి. పండే వారంలో వాన పడితే తొక్క పగులుతుంది. తన పుప్పొడితో కొద్దిగానే కాయ కడుతుంది కాబట్టి పక్కన విక్టోరియా గానీ మార్జరీ గానీ ఉంటే మేలు. అమ్మేటప్పుడు ఇంకో కష్టం ఎదురవుతుంది: పచ్చగా ఉంది కదా, ఇంకా పండలేదేమో అని తెలియనివాళ్ళు దాటిపోతారు. ఒక కాయ కోసి ముక్క చేతిలో పెట్టండి. తిన్నవాడు కొనకుండా వెళ్ళడం నేను చాలా తక్కువ చూశాను. రేటు కూడా విక్టోరియా కన్నా ఎక్కువే అడగొచ్చు. పది చెట్లలో రెండు దీనికిస్తే సరిపోతుంది, దీని మీదే ఇల్లు గడుపుదామనుకోవద్దు.

మార్జరీస్ సీడ్లింగ్

1912 ప్రాంతంలో బెర్క్‌షైర్‌లోని బీనమ్‌లో దొరికింది. పెద్ద నల్లటి నీలం కాయ. అన్నిటికన్నా ఆలస్యంగా పూస్తుంది కాబట్టి ఏప్రిల్ మంచు చాలాసార్లు దీన్ని తాకకుండా వెళ్ళిపోతుంది. సెప్టెంబరు చివర పండుతుంది. మామిళ్ళన్నీ అయిపోయాక నీలం వచ్చినట్టు, ఊళ్ళో విక్టోరియా బుట్టలన్నీ సర్దేశాక ఇది వస్తుంది. అప్పటికి చలికి కందిరీగలు కూడా తగ్గుతాయి. కాయ మిగతావాటి కన్నా ఎక్కువ రోజులు చెట్టు మీద ఆగుతుంది. అంటే శనివారం సంతకి శుక్రవారం తీరిగ్గా కోసుకోవచ్చు.

లోపమేమిటంటే చెట్టు నిటారుగా, జోరుగా పెరుగుతుంది. చిన్న పెరడైతే ఇబ్బంది. ఎండ సరిగా కాయని ఏడాది పులుపు మిగిలిపోతుంది. నా విక్టోరియాల్లో మూడు పోయిన చోట ఇవే వేశాను. సంతలో నిలబడ్డందుకు ఫలితం కనబడింది వీటితోనే.

డామ్సన్

కాయ చిన్నది, నల్లటిది. పచ్చిగా నోట్లో వేసుకుంటే మన నేరేడులా వగరు, దానికి మించిన పులుపు. టెంక గుజ్జుని వదలదు. తినడానికి కాదనే అనుకోండి. చక్కెరతో ఉడికిస్తే మాత్రం ఆ రంగు, ఆ ఘాటు ఇంకే పండుకీ రాదు. కంబ్రియాలో లిత్ లోయ డామ్సన్‌కి పెట్టింది పేరు. నాటింగ్‌హామ్‌షైర్ సౌత్‌వెల్ నుంచి 1907లో వచ్చిన మెర్రీవెదర్ రకం కాయ కొంచెం పెద్దది, పండితే తినబుద్ధి కూడా వేస్తుంది. ఘాటు కావాలంటే ష్రాప్‌షైర్ ప్రూన్, సులువు కావాలంటే మెర్రీవెదర్.

ఈ చెట్టుకి పెద్దగా సేవ అక్కర్లేదు. గాలి, చలి, నాసిరకం నేల అన్నీ ఓర్చుకుంటుంది. చేను గట్టు మీద కంచెలా వేస్తే లోపలి చెట్లకి గాలి అడ్డుతుంది. కాయని ముక్కలు చెయ్యకుండా అలాగే ఫ్రీజర్‌లో పెడితే నెలలు ఉంటుంది కాబట్టి కోసిన వారమే అమ్మాలన్న తొందర ఉండదు.  కోయడానికి మాత్రం చాలా ఓపిక కావాలి.

మీ పరిస్థితికి ఏది?

ఉద్యోగం చేసుకుంటూ పెరట్లో ఒక చెట్టు చాలనుకుంటే విక్టోరియా. పెరడు పల్లంలో ఉండి మంచు పడుతుంటే మార్జరీ, నీడ ఎక్కువైతే జార్.

అలాట్‌మెంట్ (పండించుకోడానికి అద్దెకిచ్చే చిన్న మడి) తీసుకున్నవాళ్ళు ముందు మీ ఒప్పందం చదవండి. చట్టం ప్రకారం ఆ మడి ప్రధానంగా మీ కుటుంబం తినడానికి పండించుకునేది, వ్యాపారానికి కాదు. చాలాచోట్ల పెద్ద చెట్లు కూడా వెయ్యనివ్వరు. అక్కడ పిక్సీ అనే రూట్‌స్టాక్ (అంటు కట్టడానికి కింద వాడే వేరు మొక్క) మీద అంటు కట్టిన చిన్న చెట్టు ఒకటి చాలు.

పది పన్నెండు చెట్లు పెట్టి గేటు దగ్గర, సంతలో అమ్మాలనుకునేవాళ్ళకి నేను చెప్పే లెక్క: విక్టోరియా నాలుగు, మార్జరీ మూడు, జార్ ఒకటి, గేజ్ రెండు, పెర్షోర్ రెండు. ఆగస్టు మొదటి వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా దాదాపు ప్రతి శనివారం బల్ల మీద ఏదో ఒకటి ఉంటుంది. వరసగా వచ్చేవాడే మిమ్మల్ని గుర్తుపెట్టుకునే కొనుగోలుదారు. ఇలా పంచితే విక్టోరియా వారంలో వచ్చే పెద్ద మొత్తం తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి. అయినా పారబోసేది కూడా తగ్గుతుంది.

జామ్ మీదే బతకాలనుకుంటే పెర్షోర్, డామ్సన్ సగం సగం. సీసా అమ్మడానికి తొందర లేదు, కాయ అందంగా లేకపోయినా పర్వాలేదు. కాకపోతే పని పెరుగుతుంది, నిబంధనలూ ఉంటాయి. ఇంట్లో చేసి అమ్మాలన్నా కనీసం 28 రోజుల ముందు మీ ఊరి కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) దగ్గర ఆహార వ్యాపారంగా నమోదు చేసుకోవాలి, దానికి ఫీజు లేదు. మామూలు జామ్ అని రాయాలంటే 100 గ్రాములకి కనీసం 35 గ్రాముల పండు వేసి ఉండాలి. జామ్ కాకుండా కాయగా తూచి అమ్మేటప్పుడు గ్రాములు, కిలోల్లో రేటు రాయాలి, పౌన్ల తూకంలో రేటు పక్కన రాసుకోవచ్చు.

ఏ రకమైనా తప్పనివి

రకం ఎంత ముఖ్యమో రూట్‌స్టాక్ అంత ముఖ్యం. సెయింట్ జూలియన్ ఎ మీద కట్టిన అంటు మనిషికి రెండింతల ఎత్తు పెరుగుతుంది, చాలా నేలలకి సరిపోతుంది. అమ్మేవాళ్ళకి అదే నయం. పిక్సీ చిన్నగా ఉంటుంది గానీ మంచి నేల, నీళ్ళు అడుగుతుంది, కాయ సైజు కూడా కాస్త తగ్గొచ్చు.

కత్తిరింపు ఎండాకాలంలోనే. ఆపిల్‌లాగా చలికాలంలో కోస్తే ఆ గాయం మీద సిల్వర్ లీఫ్ పడుతుంది. జూన్ నుంచి ఆగస్టు లోపల, పొడిగా ఉన్న రోజు చూసి చెయ్యండి. పండులో చిన్న గులాబీరంగు పురుగు కనబడుతుంటే అది ప్లమ్ మాత్ అనే రెక్కలపురుగు పిల్ల. మే నెలలో ఫెరమోన్ ఉచ్చు (వాసనతో మగ పురుగుల్ని పట్టేది) కట్టండి. కుళ్ళి చెట్టుకే ఎండిపోయిన కాయల్ని వదిలెయ్యొద్దు, వాటి నుంచే మరుసటి ఏడు బ్రౌన్ రాట్ అనే కుళ్ళు రోగం వస్తుంది.

కోసేటప్పుడు తొడిమ పట్టుకుని కొయ్యండి. కాయ మీద ఉండే తెల్లటి పొడి చెరిగితే రెండ్రోజుల కిందటి కాయలా కనబడుతుంది. సంతకి దోరకాయ, గేటు బుట్టకి ముప్పావు పండింది, జామ్‌కి మిగతాది.

హైదరాబాద్, విజయవాడల నుంచి కూడా కొందరు అడుగుతున్నారు, మా దగ్గర వెయ్యొచ్చా అని. వద్దు. ఈ చెట్లకి నెలల తరబడి చలి కావాలి, అది లేకపోతే పూత రాదు. మీ బజార్లో దొరికే ప్లమ్ హిమాచల్, కాశ్మీర్ కొండల నుంచి వచ్చేది, అందులో చాలావరకు వేరే జాతి.

ఇక్కడున్నవాళ్ళు మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. వేరుకి మట్టి లేకుండా వచ్చే మొక్కలు నవంబరు నుంచి మార్చి దాకా నాటుకోవచ్చు, కుండీ మొక్క కన్నా చవక. గేజ్, మార్జరీ అంట్లు త్వరగా అయిపోతాయి, ఆర్డరు సెప్టెంబరులోనే పెట్టండి. నాటేటప్పుడు అంటు కట్టిన ముడి నేలకి నాలుగు వేళ్ళ పైన ఉండాలి. పక్కన కర్ర పాతి మెత్తటి తాడుతో కట్టండి. మూడో నాలుగో ఏడు మొదటి కాయలు కనబడతాయి.